ఉరిమే పొగ దగ్గర ముగిసే ప్రయాణం

ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే దారిని గురించి అడిగినవి. బోట్స్వానాలోని చోబే అడవిలో మొదటి సఫారీ, ఆ తరువాత జాంబియా, జింబాబ్వేల సరిహద్దున జాంబెజీ నది మీద ఉన్న విక్టోరియా జలపాతం. రెండింటి మధ్య దూరం రమారమి 80 కిలోమీటర్లే కనుక మొదటిసారి ఆఫ్రికా వెళ్లేవారికి ఈ జంట ప్రయాణం సహజంగానే ఆకర్షణీయంగా కనిపిస్తుంది. మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ ఉత్తరాలకు మాత్రమే జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత నేనూ మావారూ మొదటిసారిగా ఆఫ్రికా వెళ్లాలనుకుంటున్నాం. చోబేలో నాలుగు రోజులు ఉండి, చివరి రెండు రోజులు జలపాతం దగ్గర గడపాలని మా ఆలోచన. టికెట్లు చూసే ఏజెంటు అక్టోబరులో వెళ్లమంటున్నారు. అక్కడికి వెళ్లివచ్చిన బంధువు ఒకరు ఏప్రిల్ తప్ప మరే నెలలో వెళ్లినా డబ్బు దండగ అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: అమ్మా, ఇద్దరూ నిజమే చెప్పారు. కాకపోతే ఏజెంటు జంతువులను మనసులో పెట్టుకుని మాట్లాడారు, మీ బంధువు నీటిని మనసులో పెట్టుకుని మాట్లాడారు. ఈ యాత్రలో ఉన్న చిక్కంతా అక్కడే ఉంది. సఫారీకి మంచి రోజులు జలపాతానికి మంచి రోజులు కావు; జలపాతం నిండుగా దూకే రోజులలో అడవి తన జంతువులను దాచుకుంటుంది. ఈ సంగతి ముందే తెలుసుకుని నెలను ఎంచుకున్నవారు తృప్తిగా తిరిగివస్తారు, తెలియక వెళ్లినవారు రెండింటిలో ఒకదాని దగ్గర నిరాశ పడతారు.

కారణం చెబుతాను. ఆ ప్రాంతంలో వానలు నవంబరు నుంచి మార్చి వరకు కురుస్తాయి. వానల కాలంలో అడవిలో ఎక్కడ చూసినా నీటి గుంటలే ఉంటాయి కనుక ఏనుగుకుగాని, అడవిదున్నకుగాని నది దాకా నడిచి రావలసిన అవసరం ఉండదు. గడ్డి ఏపుగా పెరిగి, పొదలు చిక్కబడి, పది గజాల దూరంలో ఉన్న సింహం కూడా కంటపడదు. మే నెల నుంచి ఆ గుంటలు ఒక్కొక్కటే ఎండిపోతాయి, చెట్లు ఆకు రాలుస్తాయి. ఆగస్టు గడిచేసరికి ఆ చుట్టుపక్కల జంతువులకు చోబే నది ఒక్కటే దిక్కవుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మధ్యాహ్నం తిరిగిన తరువాత ఆ నది ఒడ్డున నిలబడితే, అడవి లోపలి నుంచి ఏనుగుల మందలు ఒకదాని వెనుక ఒకటి దుమ్ము రేపుకుంటూ నీటికి దిగడం చూడవచ్చు. ఏజెంటు చెప్పింది దీనిని గురించే. అయితే అక్టోబరులో అక్కడ ఎండ 40 డిగ్రీలకు చేరువగా ఉంటుందన్న మాట కూడా ఆయన చెప్పి ఉండవలసింది.

ఇక నీటి సంగతి. జలపాతం మీద దూకే నీరు ఆ ఊళ్లో కురిసిన వాన నీరు కాదు. జాంబెజీ నది జాంబియా వాయవ్య మూలలో పుట్టి, అంగోలాలోకి వెళ్లి, తిరిగి జాంబియాలోకి వచ్చి, పశ్చిమాన బరోత్సే అనే విశాలమైన మైదానం మీద పలచగా పరచుకుంటుంది. ఎగువన కురిసిన వాన ఆ మైదానంలో కొన్ని వారాల పాటు చెరువులా నిలిచి, నెమ్మదిగా కిందికి జారుతుంది. అందుకే జలపాతం దగ్గర వానలు ఆగిపోయిన తరువాత, ఆకాశం నిర్మలంగా ఉన్న ఏప్రిల్, మే నెలలలో నది పొంగుతుంది. ఆ మైదానంలో నివసించే లోజీ ప్రజలకు ఈ వరద ఒక పండుగ. నీరు తగినంతగా పెరిగినప్పుడు వారి రాజు లిటుంగా, నలుపు తెలుపు చారలతో, పైన ఏనుగు బొమ్మతో ఉన్న నాలిక్వాండా అనే పెద్ద పడవలో లెయలుయి నుంచి మెరకన ఉన్న లిములుంగాకు తరలివెళతాడు. ఆ వేడుకను కువొంబోకా అంటారు, నీటి నుంచి బయటపడడం అని దాని అర్థం. దానికి ముహూర్తం పెట్టేది నీరే. ఆ పడవ కదిలిందని తెలిస్తే జలపాతం నిండే రోజులు వచ్చాయని అనుకోవచ్చు.

అలాగని ఏప్రిల్‌లో జలపాతం బాగా కనిపిస్తుందని అనుకోకండి. అప్పుడు లేచే తుంపర నాలుగు వందల మీటర్లకు పైగా ఎగసి, ఎదురుగా నిలబడినవారికి తెల్లని తెర తప్ప మరేమీ కనిపించనంత దట్టంగా ఉంటుంది. చెవులు దద్దరిల్లే శబ్దం వింటారు, నిలువునా తడుస్తారు, నీరు ఎక్కడ పడుతున్నదో మాత్రం చూడలేరు. కొందరికి అదే కావాలి, వారిని తప్పు పట్టను. అక్టోబరు, నవంబరులలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. నేను మొదటిసారి వెళ్లినది అక్టోబరు చివరి వారంలో. జాంబియా ఒడ్డున నిలబడి చూస్తే ఎదురుగా ఎండిన నల్లని రాతిగోడ, దాని మీద అక్కడక్కడ దారాల్లా జారే నీరు మాత్రమే ఉన్నాయి. పక్కనున్న యాత్రికుడు జలపాతం ఇంకెంత దూరమని నన్ను అడిగాడు.

కనుక మీకు నా సలహా జూన్ చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు. అప్పటికి వరద తగ్గి తుంపర పలచబడుతుంది, అయినా జలపాతం పొడవునా నీరు దూకుతూనే ఉంటుంది; అడవిలో గడ్డి ఎండి జంతువులు నదికి రావడం మొదలుపెడతాయి. మీ ఈడువారికి ఎండ బాధ కూడా ఉండదు. అయితే అది అక్కడి చలికాలం. సూర్యోదయానికి ముందే పైకప్పు తప్ప పక్కలు లేని జీపులో బయలుదేరవలసి ఉంటుంది కనుక ఉన్ని టోపీ, చేతి తొడుగులు, మందమైన కోటు లేకుండా వెళ్లవద్దు. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని నూలు బట్టలతో వచ్చి, లాడ్జివారు ఇచ్చిన దుప్పట్లలో వణుకుతూ సింహాలను చూసినవారిని చాలామందిని చూశాను.

ప్రశ్న: జలపాతాన్ని జాంబియా వైపు నుంచి చూడాలా, జింబాబ్వే వైపు నుంచి చూడాలా? మాకు ఒక్క రోజే వ్యవధి ఉంది.

జవాబు: ఒక్క రోజే అయితే జింబాబ్వే వైపు.

ఎందుకో అర్థం కావాలంటే ఈ జలపాతం ఆకారం తెలియాలి. సాధారణంగా జలపాతం అనగానే కొండ మీద నుంచి లోయలోకి దూకే నీరు మన కళ్ల ముందు మెదులుతుంది. ఇక్కడ కొండ లేదు. దాదాపు చదునైన నేల మీద 1,708 మీటర్ల వెడల్పున ప్రవహిస్తున్న నది, నేలలో అడ్డంగా పడిన ఒక పగులులోకి 108 మీటర్ల లోతుకు ఒక్కసారిగా పడిపోతుంది. పగులుకు ఇవతలి అంచు కూడా అవతలి అంచు ఎత్తులోనే ఉంటుంది కనుక, మనం కింద నిలబడి తలెత్తి చూడనక్కరలేదు. నీరు దూకే అంచుకు సూటిగా ఎదురుగా నిలబడి చూస్తాం. ఆ ఇవతలి అంచులో ఎక్కువ భాగం జింబాబ్వేలో ఉంది. ప్రధాన జలపాతం, డెవిల్స్ కాటరాక్ట్, హార్స్‌షూ అనే భాగాలన్నిటినీ అక్కడి కాలిబాట వెంట నడుస్తూ చూడవచ్చు. ఆ బాట పొడవునా నిత్యం పడే తుంపర వల్ల పెరిగిన చిన్న వర్షారణ్యం ఒకటి ఉంది. చుట్టూ ఎండిన పొదల నేల, మధ్యలో ఆ ఒక్క పట్టీ మాత్రం ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది.

డెవిల్స్ కాటరాక్ట్ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడమని చెబుతాను. నది అడుగంతా బసాల్ట్ అనే నల్లరాయి. లావా పరచుకుని చల్లబడినప్పుడు ఆ రాయిలో పగుళ్లు ఏర్పడి, వాటిలో మెత్తని పదార్థం చేరింది. నది ఆ మెత్తని పగుళ్లను ఒకదాని తరువాత ఒకటి తొలుచుకుంటూ ఎగువకు జరుగుతోంది. జలపాతానికి దిగువన అటూ ఇటూ మెలికలు తిరిగిన ఇరుకు లోయలు కనిపిస్తాయి. వాటిలో ప్రతి మెలికా ఒకనాటి జలపాతమే. డెవిల్స్ కాటరాక్ట్ భాగం మిగతా అంచు కంటే కిందికి కోసుకుపోయి ఉంది. తరువాతి జలపాతానికి నది అక్కడే గాటు పెట్టుకుంటోంది. నీరు బాగా తగ్గిన నెలలలో కూడా అక్కడ ధార ఆగకపోవడానికి కారణం ఆ లోతే.

జాంబియా వైపు చూడదగినది లేదని కాదు. అక్కడ నీటికి మరింత దగ్గరగా వెళ్లవచ్చు, నైఫ్ ఎడ్జ్ అనే సన్నని వంతెన మీద నడుస్తూ తడవవచ్చు, మోకాళ్లు సహకరిస్తే బాయిలింగ్ పాట్ అనే సుడిగుండం దాకా మెట్లు దిగవచ్చు. కానీ ఆ వైపు అంచు ఎత్తుగా ఉండడం వల్ల సెప్టెంబరు దాటితే ముందుగా ఎండిపోయేది అదే. రెండవ రోజు సంపాదించుకోగలిగితే, 1905లో కట్టిన ఉక్కు వంతెన మీదుగా నడిచి ఒక దేశం నుంచి మరొక దేశానికి వెళ్లి రండి. రైలు పెట్టెల మీద జలపాతపు తుంపర పడేలా వంతెన ఉండాలని బ్రిటిష్ వలస నాయకుడు సెసిల్ రోడ్స్ కోరాడు. ఆయన మాత్రం ఆ జలపాతాన్ని ఎన్నడూ చూడకుండానే 1902లో మరణించాడు.

ప్రశ్న: ‘బిగ్ ఫైవ్’ అనే అయిదు జంతువులూ చోబేలో కనిపిస్తాయా? అవి కనిపించకపోతే సఫారీ వృథా అని విన్నాను.

జవాబు: వృథా అన్నవారి మాట పట్టించుకోవద్దు. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న అనే ఈ అయిదింటి జాబితా అందాన్ని బట్టి చేసినది కాదు. నేల మీద నడిచి వేటాడేటప్పుడు ఏవి ఎక్కువ ప్రమాదకరమో వాటిని వేటగాళ్లు ఒక లెక్కగా చెప్పుకున్నారు. తుపాకులు పోయి కెమెరాలు వచ్చినా పాత లెక్క మాత్రం మిగిలిపోయింది. జిరాఫీ, నీటిగుర్రం, మొసలి, వేట కుక్కలనే ఆఫ్రికా అడవికుక్కలు అందులో లేవు. ఒక్క ఉదయం వేట కుక్కల గుంపు కనిపిస్తే, మిగిలిన అయిదూ కనిపించకపోయినా బాధపడరని నా అనుభవం.

చోబేలో ఏనుగులు, అడవిదున్నలు తప్పక కనిపిస్తాయి. సింహాలు చాలామందికి కనిపిస్తాయి, చిరుత అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది, ఖడ్గమృగాన్ని మాత్రం అక్కడ ఆశించవద్దు. అది చూడాలని పట్టుదల ఉంటే జాంబియా వైపు జలపాతాన్ని ఆనుకునే మోసి ఓ తున్యా జాతీయ పార్కు ఉంది. చాలా చిన్నది, విస్తీర్ణం 66 చదరపు కిలోమీటర్లు. అక్కడ తెల్ల ఖడ్గమృగాలను సాయుధులైన కాపలాదారులు రేయింబవళ్లు కాపాడుతున్నారు, వారి వెంట నడిచి వెళ్లి తగినంత దూరం నుంచి వాటిని చూసిరావచ్చు. ఒక జంతువును కాపాడడానికి మనిషి తుపాకీ పట్టుకుని దాని పక్కనే పగలూ రాత్రీ గడపవలసి వస్తున్నదని అక్కడ కళ్లారా చూస్తాం. జలపాతం చూసే రోజు ఉదయం రెండు గంటలు దానికి కేటాయించండి.

ప్రశ్న: తలుపులు, అద్దాలు లేని జీపులో ఏనుగులకు, సింహాలకు అంత దగ్గరగా వెళ్లడం ప్రమాదం కాదా? మా అమ్మగారు భయపడుతున్నారు. పడవలో వెళితే నయమా?

జవాబు: మీ అమ్మగారి భయం సహజమే, కానీ రోజూ అవే దారులలో తిరిగే వాహనాలకు ఆ జంతువులు అలవాటు పడి ఉంటాయి. జీపును, అందులోని మనుషులను విడివిడిగా కాక ఒకే పెద్ద ఆకారంగా చూస్తాయి. ఆ ఆకారం చెదరకుండా ఉన్నంతవరకు వాటికి మన మీద ఆసక్తి ఉండదు. ఎవరైనా లేచి నిలబడినా, చేయి బయటికి చాపినా, కిందికి దిగినా ఆ ఆకారం చెదిరి, అందులోంచి మనిషి బయటపడతాడు. అందుకే గైడు చెప్పే మొదటి మాట కూర్చునే ఉండమని, రెండవ మాట గొంతు తగ్గించమని. ఈ రెండూ పాటించడం మీ అమ్మగారికి కష్టం కాదు. పక్కనున్న కుర్రవాళ్లకే కష్టం.

ఏనుగు విషయంలో గైడు ముఖాన్ని గమనించండి. చెవులు విప్పార్చి, తల విదిలించి, రెండడుగులు ముందుకు వేసిన ఏనుగు చాలాసార్లు మనల్ని హెచ్చరిస్తున్నదే తప్ప దాడికి రావడం లేదు. అనుభవం ఉన్న గైడు తొందరపడడు, ఇంజను ఆపి నిశ్శబ్దంగా ఉంటాడు లేదా మెల్లగా వెనక్కు తీస్తాడు. పిల్లలున్న మందకు, పిల్లకు మధ్యలోకి జీపును పోనివ్వకపోవడం అతని నైపుణ్యం. బోట్స్వానాలో దాదాపు 1,30,000 ఏనుగులు ఉన్నాయని లెక్కలు చెబుతున్నాయి. ప్రపంచంలో మరే దేశంలోనూ అన్ని లేవు. అక్కడ గైడుగా బతికే మనిషికి ఏనుగు మనసు చదవడం మొదటి పాఠం.

పడవ నయమా అని అడిగారు. భద్రత కోసం కాదుగాని, హాయి కోసం నయం. సాయంత్రం మూడు గంటల నుంచి పొద్దు గూకే దాకా చోబే నదిలో పడవ మీద తిరగడం, నా దృష్టిలో, ఈ మొత్తం ప్రయాణంలో అత్యుత్తమమైన భాగం. కుదుపులు ఉండవు, దుమ్ము ఉండదు, నడుము నొప్పి ఉండదు. నది మధ్యలో సెడుడు అనే గడ్డి దీవి ఉంది. అది తమదంటే తమదని బోట్స్వానా, నమీబియా వాదించుకుని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లగా, 1999లో తీర్పు బోట్స్వానాకు అనుకూలంగా వచ్చింది. ఏనుగులకు ఆ తీర్పుతో పని లేదు. అవి తొండం పైకెత్తి, వీపు మాత్రమే కనిపించేలా మునిగి, పిల్లలను మధ్యలో పెట్టుకుని ఒడ్డు నుంచి దీవికి ఈదుతాయి. పడవ ఇంజను ఆపితే వాటి ఊపిరి వినిపిస్తుంది. నీటిగుర్రాలకు మాత్రం పడవ నడిపేవాడు చాలినంత దూరం పాటిస్తాడు, దగ్గరకు పోనివ్వమని అతన్ని ఎన్నడూ ఒత్తిడి చేయవద్దు. పగలంతా నీటిలో బద్ధకంగా కనిపించే ఆ జంతువు, తన నీటికి అడ్డం వచ్చినవారిని సహించదు.

ప్రశ్న: మలేరియా మాత్రలు తప్పనిసరా? పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా కూడా వేయించుకోవాలా?

జవాబు: చోబే, విక్టోరియా జలపాతం రెండూ మలేరియా ఉన్న ప్రాంతాలే. వానాకాలంలో ముప్పు ఎక్కువ, చలికాలంలో తక్కువ, కానీ అసలు లేని నెల లేదు. ఏ మాత్ర వేసుకోవాలో మీ వయసును, మీరు వాడుతున్న ఇతర మందులను చూసి వైద్యుడే నిర్ణయించాలి. అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిసిన మాత్రను ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, ఆ ప్రాంతం విడిచాక ఏడు రోజుల వరకు వాడతారు. డాక్సీసైక్లిన్ అయితే తిరిగివచ్చాక నాలుగు వారాలు వాడాలి. చాలామంది చేసే పొరపాటు ఇంటికి రాగానే మాత్రలు మానేయడం. మాత్రలు వేసుకున్నా దోమలను ఆపవలసిందే. మలేరియా దోమ పొద్దు గూకినప్పటి నుంచి తెల్లవారేదాకా కుడుతుంది కనుక సాయంత్రం నిండు చేతుల చొక్కా, దోమలను దూరంగా ఉంచే డీట్ అనే మందు ఉన్న పూత, రాత్రి దోమతెర తప్పనిసరి. తిరిగివచ్చిన తరువాత కొన్ని వారాలకో నెలలకో జ్వరం వచ్చినా సరే, ఆఫ్రికా వెళ్లివచ్చామని వైద్యుడికి మొదటే చెప్పండి.

పచ్చజ్వరం సంగతి వేరు. బోట్స్వానాలోను, జింబాబ్వేలోను ఆ వ్యాధి ముప్పు లేదు, కానీ ఆ వ్యాధి ఉన్న దేశం నుంచి వచ్చేవారిని టీకా పత్రం అడుగుతారు. కెన్యా, ఇథియోపియా అటువంటి దేశాలే. కనుక మీ విమానం నైరోబీలోనో అడిస్ అబాబాలోనో చాలాసేపు ఆగితే, లేదా సఫారీకి ముందు కెన్యా కూడా చూడాలనుకుంటే పత్రం దగ్గర ఉండాలి. టీకా వేయించుకున్న పదవ రోజు నుంచి పత్రం చెల్లుతుంది. 2016 నుంచి అది జీవితాంతం చెల్లుబాటవుతోంది. చివరి వారంలో పరుగెత్తేవారికి ఈ పది రోజుల లెక్కే అడ్డం పడుతుంది.

ప్రశ్న: మూడు దేశాలకు మూడు వీసాలు కావాలా? ఏ డబ్బు తీసుకువెళ్లాలి?

జవాబు: జాంబియా, జింబాబ్వేలు రెండింటికీ కలిపి కాజా యూనివీసా అని ఒకటి ఉంది. రుసుము 50 అమెరికన్ డాలర్లు, గడువు 30 రోజులు. జలపాతానికి అటూ ఇటూ ఎన్నిసార్లైనా దాటవచ్చు, కజుంగులా సరిహద్దు మీదుగా పగటిపూట చోబే వెళ్లి సాయంత్రానికి తిరిగిరావచ్చు. చాలామంది ఇక్కడే పొరబడతారు: రాత్రి బోట్స్వానాలో బస చేస్తే ఈ వీసా సరిపోదు. చోబేలో నాలుగు రోజులు ఉండదలచినవారు బోట్స్వానా నిబంధనలను విడిగా చూసుకుని, సఫారీ పూర్తయిన తరువాత మాత్రమే యూనివీసా తీసుకోవడం మేలు. అన్ని దేశాల పాస్‌పోర్టులకూ దీనిని ఇవ్వరు కనుక మీది ఆ జాబితాలో ఉందో లేదో టికెట్టు కొనక ముందే సరిచూసుకోండి. పిల్లలు వెంట ఉంటే వారి జనన ధ్రువపత్రాలు కూడా పెట్టుకోండి.

ఒకప్పుడు కజుంగులా దగ్గర నది దాటాలంటే ఫెర్రీ కోసం లారీల బారులో కాచుకోవలసి వచ్చేది. 2021లో 923 మీటర్ల వంతెన తెరిచిన తరువాత బోట్స్వానా నుంచి జాంబియాకు దాటడం సులువైంది. డబ్బుకు వస్తే, అమెరికన్ డాలర్లు, అందులోను చిన్న నోట్లు, జింబాబ్వే వైపు బాగా పనికివస్తాయి. చిరిగినవి, మరీ పాతవి పుచ్చుకోరు. జాంబియాలో క్వాచా, బోట్స్వానాలో పులా చెలామణిలో ఉన్నాయి. పులా అంటే అక్కడి సెత్స్వానా భాషలో వాన. ఎండిన నేల మీద బతికే ప్రజలు తమ డబ్బుకు పెట్టుకున్న పేరు అది.

ప్రశ్న: నేను కళాశాల విద్యార్థిని. విక్టోరియా జలపాతాన్ని లివింగ్‌స్టన్ ‘కనుగొన్నాడు’ అని రాయడం సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. స్కాట్లండ్ మిషనరీ, అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్ 1855 నవంబరు 16న ఆ జలపాతాన్ని చూశాడు, బ్రిటిష్ రాణి పేరు పెట్టాడు, దానిని గురించి రాసి యూరప్‌కు తెలియజేశాడు. రాయవలసినది అంతవరకే. అక్కడి వారే ఆయనను చిన్న పడవలో జలపాతం అంచున ఉన్న దీవి దాకా తీసుకువెళ్లారు. ఆయన వచ్చింది నవంబరులో, అంటే నీరు బాగా తగ్గిన రోజులలో. అందువల్లనే అంచు దాకా పడవలో వెళ్లి, బోర్లా పడుకుని ఆ అగాధంలోకి తొంగిచూడగలిగాడు. ఏప్రిల్‌లో వచ్చి ఉంటే ఆ దీవికి చేరడం సాధ్యమయ్యేది కాదు.

అప్పటికే ఆ జలపాతానికి మోసి ఓ తున్యా అన్న పేరు ఉంది. ఉరిమే పొగ అని దాని అర్థం. ఆ పేరును లివింగ్‌స్టన్ కూడా తన రాతలలో నమోదు చేశాడు. దూరం నుంచి ముందుగా కనిపించేది పొగలా లేచే తుంపర, దగ్గరవుతున్నకొద్దీ వినిపించేది ఉరుము వంటి మోత. చూసినవాడు ఏ వరుసలో అనుభవిస్తాడో ఆ వరుసలోనే, ముందు పొగ, తరువాత ఉరుముగా, ఆ అసలు పేరు నడుస్తుంది. 1989లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు రెండు పేర్లనూ కలిపి రాశారు. మీ వ్యాసంలో మీరూ అలాగే రాయండి.

ప్రశ్న: మా అబ్బాయి జలపాతం అంచున ఉన్న డెవిల్స్ పూల్‌లో ఈత కొడతానంటున్నాడు. పంపవచ్చా?

జవాబు: నీరు తగ్గిన నెలలలో, ఇంచుమించు ఆగస్టు చివరి నుంచి జనవరి వరకు, లివింగ్‌స్టన్ దీవి నుంచి గైడుల వెంట మాత్రమే అక్కడికి వెళ్లనిస్తారు. అంచున రాతి గట్టు ఒకటి ఉండడం వల్ల మనిషి కొట్టుకుపోకుండా ఆగుతాడు. ఈత బాగా వచ్చి, గైడు మాట వినే స్వభావం ఉంటే పంపవచ్చు. రెండవ షరతు విషయంలో మీకే తెలియాలి. జూలైలో వెళుతుంటే ఈ చర్చే అవసరం లేదు, ఆ నెలలో అది నది అడుగున ఉంటుంది.

ప్రశ్న: మా విమానం నేరుగా విక్టోరియా ఫాల్స్ ఊరిలోనే దిగుతుంది. అటువంటప్పుడు జలపాతం ముందు చూసి, సఫారీ తరువాత పెట్టుకుంటే ఖర్చు కలిసిరాదా?

జవాబు: కొంత కలిసివస్తుంది. అయినా వద్దని చెబుతాను.

సఫారీ అన్నది స్వాహిలీ మాట, ప్రయాణం అని అర్థం. మన ముసాఫిరు, ముసాఫరుఖానా అన్న మాటలు పుట్టిన అరబ్బీ మూలమే దానిదీ. ఆ ప్రయాణంలో చూడడం కంటే వేచి ఉండడం ఎక్కువ. చీకటితో లేవాలి, చలిలో కూర్చోవాలి, గంటల తరబడి ఎండుగడ్డిని వెతకాలి, గైడు ఇసుకలో అడుగుజాడలు చూపిస్తే ఓపికగా వినాలి. ఒక్కో పూట ఏమీ కనిపించదు. ఆ ఓపిక మొదటి రెండు రోజులలో అలవడుతుంది, మూడవ రోజు నుంచి చిన్న పక్షి రెక్క కదిలినా కన్ను పట్టుకుంటుంది. జలపాతం అటువంటిది కాదు. దానిని వెతకనక్కరలేదు, అది తప్పించుకుపోదు, పదింటికి లేచి వెళ్లినా అక్కడే ఉంటుంది. ముందుగా అంత పెద్ద దృశ్యాన్ని, అంత మోతను చూసినవారికి మరునాడు అడవిలో నిశ్శబ్దంగా కూర్చోవడం విసుగనిపిస్తుంది. ఇది నేను ఒకటికి రెండుసార్లు తోటి ప్రయాణికులలో గమనించాను. అలసట కూడా లెక్కలోకి తీసుకోండి. నాలుగు రోజులు తెల్లవారుజామున లేచిన శరీరానికి చివర కావలసినది నడవగలిగిన దూరంలో చూడవలసిన దృశ్యం, వేడి నీళ్ల స్నానం, ఆలస్యంగా లేవగలిగిన ఉదయం.

కనుక విమానం దిగిన రోజే కారులో చోబే ఒడ్డున ఉన్న కసానే ఊరికి వెళ్లిపోండి, తిరుగు ప్రయాణానికి ముందు జలపాతానికి రండి. తేదీలు మార్చుకునే వీలుంటే మరొక చిన్న లెక్క వేసుకోండి. నీరు నిండుగా ఉన్న నెలలలో, పున్నమికి ముందూ వెనుకా కొన్ని రాత్రులు పార్కు ద్వారాలు చీకటి పడ్డాక కూడా తెరుస్తారు. వెన్నెల తుంపర మీద పడి ఇంద్రధనుస్సు విరుస్తుంది. కంటికి అది పాలిపోయిన తెల్లని విల్లులా కనిపిస్తుంది, దానిలోని రంగులను ఎక్కువసేపు తెరిచి ఉంచిన కెమెరా పట్టుకుంటుంది. మీ చివరి రాత్రి జూన్‌లోనో జూలై మొదట్లోనో పున్నమికి దగ్గరగా పడేలా చూసుకుని, కెమెరాకు మూడు కాళ్ల స్టాండు, దాని మీద కప్పడానికి ప్లాస్టిక్ సంచి, మీకు వానకోటు తీసుకువెళ్లండి. చలి ఉంటుంది, తడుస్తారు. పొడి బట్టలు ఒక జత గదిలో విడిగా ఉంచుకుని బయలుదేరండి.